అంగడివాకిట న్యాయము: మాడపాటి హనుమంతరావు పంతులుగారి జీవితము

ఒక రాజ్యమున ప్రజలు ఎంత స్వేచ్ఛగా బ్రతుకుచున్నారో తెలిసికొనుటకు రాజధానిలోని సభామందిరములను చూడనక్కరలేదు. చిన్న ఊరిలోని ఒక బియ్యపుటంగడి ముందు కొంతసేపు నిలిచిన చాలును. అధికారి లోపల అడుగుపెట్టినప్పుడు వర్తకుని ముఖమున భయము కనబడునా, మర్యాద కనబడునా? అధికారి చేతిలో నుండునది చట్టపు కాగితమా, ఖాళీ సంచియా? తీసికొన్న వస్తువునకు వెల చెల్లించునా, చెల్లింపక పోవునా? ఈ మూడింటిని గమనించినచో ఆ రాజ్యపు పరిపాలన యెట్టిదో తేటపడును.

నైజాము రాజ్యములోని తెలుగువారి మధ్య ఈ విషయమును ప్రజాసమస్యగా గుర్తించి, చట్టమునే సాధనముగా గైకొని, వర్తకునికి ధైర్యము కలిగించిన మహనీయులలో ప్రముఖులు మాడపాటి హనుమంతరావు పంతులుగారు. ఆంధ్ర పితామహుడను బిరుదముతో ప్రసిద్ధికెక్కిన వారి జీవితములో గ్రంథాలయములు, పాఠశాలలు, మహాసభలు మొదలైన ఘట్టములు పలువురెఱిగినవే. అంగడికి సంబంధించిన ఘట్టము మాత్రము అంతగా స్మరింపబడుట లేదు. అధికారుల అక్రమమునుండి అంగడిని కాపాడుటకు నడివయస్సున శ్రమించిన వారే, వార్ధక్యమున అంగళ్ల శుభ్రతను కనిపెట్టవలసిన నగరపాలక సంస్థకు ప్రథమ మేయరైరి. ఈ రెండు పనులు పరస్పరవిరుద్ధములుగా తోచవచ్చును. కాని వారి జీవితమును వరుసగా పరిశీలించినచో రెండింటికిని మూలము ఒక్కటియేయని తెలియును.

హనుమంతరావుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని పొక్కునూరు గ్రామమున జన్మించిరి. ఆ ప్రాంతము ఆనాడు ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలో చేరియుండెను, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నది. చిన్నతనముననే తండ్రి గతించుటచే వారి బాల్యము సూర్యాపేటలో మేనమామ అండన గడచెను. నందిగామనుండి సూర్యాపేటకు పోవు బాట కోదాడ మీదుగా సాగును. ఎడ్లబండిపై అది కొద్దిదినముల ప్రయాణమే. కాని ఆ కాలమున కోదాడకు ఈవలనున్న సరిహద్దు దాటినంతనే రాజభాష మారుచుండెను; నాణెము మారుచుండెను; చట్టము మారుచుండెను. ఇరువైపులను తెలుగు మాటాడు ప్రజలే యున్నను, ఒకవైపు కంపెనీ రూపాయి, మరొకవైపు హాలీ సిక్కా చెల్లుచుండెను. ఒకవైపు కచ్చేరీలో ఆంగ్లము, మరొకవైపు ఉర్దూ.

సూర్యాపేటకు భానుపురియని మరొక పేరు. హైదరాబాదునుండి బందరు రేవునకు పోవు ప్రాచీన మార్గమున నున్న వర్తకస్థానమది. నల్లగొండ జిల్లాలో తాలూకా కేంద్రము. సికిందరాబాదునుండి బెజవాడకు వేసిన ఇనుపదారి ఓరుగల్లు, ఖమ్మముల మీదుగా పోయినందున సూర్యాపేటకు రైలు రాలేదు. అచటి వ్యాపారమంతయు బండ్ల బాట మీదనే సాగుచుండెను. ధాన్యము, నూనెగింజలు, ఉప్పు, బెల్లము ఆ బాటమీదనే చేతులు మారెడివి. బాటసారులకు భోజనమమ్మువారును అట్టి ఊళ్లలో నుండుట సహజము. తెలుగునాట వండిన అన్నమును వెలకు పెట్టుట క్రొత్త విషయము కాదు. కాకతీయుల ఓరుగంటిలోని పూటకూళ్లయింటి విందు క్రీడాభిరామమున వర్ణితమైయున్న సంగతి సాహిత్యవిద్యార్థులకు తెలిసినదే.

ఇట్టి ఊరిలో స్థానిక పరిపాలన ఎవరి చేతిలో నుండెను? భూమిశిస్తుపై రూపాయికి ఒక అణా చొప్పున స్థానిక పన్ను వసూలు చేయుచుండిరి. ఆ సొమ్ముతో రోడ్లు, బావులు, పారిశుద్ధ్యము చూచుటకు జిల్లా బోర్డు, తాలూకా బోర్డు అను సంస్థలుండెను. కాని జిల్లా బోర్డునకు అధ్యక్షుడు అవ్వల్ తాలూక్‌దారు. తాలూకా బోర్డునకు అధ్యక్షుడు తహశీలుదారు. శిస్తు వసూలు చేయువాడును, తగవులు విచారించువాడును, ఊరి పారిశుద్ధ్యమునకు బాధ్యుడును ఒక్కడే. అతనిని ఆ స్థానమున కూర్చుండబెట్టినవారు ప్రజలు కారు. అతడు తప్పు చేసినచో అడుగుటకు ప్రజలకు దారి లేదు. ఈ స్థితిని మనస్సున నుంచుకొన్నచో తరువాతి కథ సులభముగా బోధపడును.

హనుమంతరావుగారి విద్యాభ్యాసము సూర్యాపేటలో ప్రారంభమై హనుమకొండలో కొనసాగెను. ఆనాటి పాఠశాలలలో ఉర్దూ, పారసీకములకే ప్రాధాన్యము. వారా భాషలను పైపైన కాక లోతుగా నేర్చిరి. ఉర్దూ పత్రికలకు వ్రాయగల నేర్పును గడించిరి. ప్రేమచందు ఉర్దూ కథలను తెలుగులోనికి తెచ్చిన తొలి అనువాదకులలో వారొకరు. మల్లికా గుచ్ఛము అను కథాసంపుటి వారిదే. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయ సేవలోను వారు పాల్గొనిరి. కొంతకాలము ప్రభుత్వోద్యోగము చేసి, పిమ్మట హైదరాబాదున న్యాయవాదవృత్తి నవలంబించిరి. ఉర్దూ పాండిత్యము వారికి జీవనోపాధియే కాక ప్రజాసేవకు ఆయుధము కూడ నయ్యెను. ఏలయన, ప్రభుత్వపు ఉత్తరువులన్నియు ఆ భాషలోనే యుండెడివి. వానిని చదువజాలని తెలుగు పల్లెవాసికి తన హక్కు ఎచట వ్రాయబడియున్నదో తెలియదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాల ఆవరణమున మహర్షి కర్వేగారి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప మొదలిడగా సభాసదులలో కొందరు అవహేళన చేసిరి. ఆ అవమానము తెలుగువారి మనస్సులను కలచివైచెను. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కొలదిమంది కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఆ స్థాపకులలో హనుమంతరావుగారొకరు. వివిధ స్థలములలోని సంఘములను కూర్చి పిమ్మట ఏర్పడిన ఆంధ్రజన కేంద్రసంఘమునకు వారు కార్యదర్శియై, ఆ పనినే తమ జీవితవ్రతముగా గైకొనిరి.

సంఘము భాషాభిమానముతో పుట్టెను. కాని అది భాషతోనే ఆగిపోలేదు. పల్లెలకు, పేటలకు పోయి విచారించినకొలది జనుల అసలు బాధలు వెల్లడియయ్యెను. వానిలో మూడు ముఖ్యమైనవి. మొదటిది వెట్టిచాకిరి. రెండవది వృత్తులవారిపైనను వర్తకులపైనను విధింపబడిన మొహతర్ఫా పన్ను. మూడవది వర్తకులను పీడించిన నిర్బంధపు సరఫరా.

ఈ మూడవ బాధ స్వరూపమెట్టిదనగా, ఆ కాలమున ఉద్యోగులు దౌరా పేరిట ఊరూర తిరుగుచుండెడివారు. తహశీలుదారు, గిర్దావరు, పోలీసు అమీను మొదలైనవారు పరివారముతో, గుఱ్ఱములతో వచ్చి విడిది చేసెడివారు. వారున్నన్ని దినములు బియ్యము, పప్పు, నేయి, పంచదార, గుఱ్ఱములకు ఉలవలు ఆ ఊరి దుకాణదారులే సమకూర్పవలెను. ధర నిర్ణయించునది అమ్మువాడు కాదు, కొనువాడు. ఒక్కొక్కచోట ఆ ధరయైనను చేతికందదు. ఇచ్చుటకు నిరాకరించినవానికి ఏదో ఒక వంకన చిక్కు తప్పదు. దుకాణదారుడు తన నష్టమును ఎచట పూడ్చుకొనును? తూకము తగ్గించియో, సరుకులో మట్టిగడ్డలు కలిపియో పేదకొనుగోలుదారునినుండియే రాబట్టును. కాబట్టి ఈ పీడన భారము చివరకు పడునది కూలివాని విస్తరి మీదనే. అధికారి అన్యాయమునకు, అంగడిలోని కల్తీకి గల ఈ సంబంధము గమనింపదగినది.

ఈ సమస్యను హనుమంతరావుగారు ఎదుర్కొనిన పద్ధతి వారి స్వభావమునకు తగినట్టిది. వారు ఉద్రేకమున మాటాడువారు కారు. సభ జరుపుటకే ప్రభుత్వానుమతి కావలెనని గస్తీ నిషాన్ 53 నిర్బంధించుచున్న రోజులవి. వారు మొదట ప్రభుత్వము తానే జారీ చేసిన గస్తీలను వెదకిరి. ఉద్యోగులు దౌరాలో తమకు కావలసిన వస్తువులను అంగడిధర చెల్లించియే తీసికొనవలెనని ఆ ఉత్తరువులలోనే యుండెను. అనగా, అన్యాయము చట్టములో లేదు. చట్టము ఎవరికిని తెలియకపోవుటలో నుండెను. కచ్చేరీ బీరువాలో ఉర్దూలో నిదురించుచున్న ఆ ఉత్తరువులను సంఘము తెలుగున చిన్నపుస్తకములుగా అచ్చొత్తించి పంచెను. వర్తక స్వాతంత్ర్యము, మొహతర్ఫా, వెట్టిచాకిరి అను పేర్లతో వెలువడిన ఆ పుస్తకములు పేజీలలో చిన్నవియేయైనను పనిలో పెద్దవి. దుకాణదారుడు మొట్టమొదటిసారి తన భాషలో తన హక్కును చదువుకొనెను. అనేక స్థలములలో వర్తకసంఘములు వెలసెను. ఒంటరిగా అధికారి ముందు వణకినవాడు పదిమందితో కలిసి నిలువ నేర్చెను.

ఇందు విద్యార్థులు గ్రహింపవలసిన సూక్ష్మమొకటి కలదు. వర్తకునిపై ఏ అధికారమును ఉండరాదని హనుమంతరావుగారు వాదింపలేదు. అధికారమునకు వ్రాతపూర్వకమైన నియమముండవలెననియు, ఆ నియమము ఇరుపక్షములకును తెలిసియుండవలెననియు, తీసికొన్నదానికి వెల ఇచ్చితీరవలెననియు మాత్రమే వారి పట్టుదల. సంఘము నడిపిన ఉద్యమసారమంతయు ఈ మూడు సూత్రములలో ఇమిడియున్నది.

ఆ తరువాతి రెండు దశాబ్దములు నిరంతర కృషితో నిండినవి. 1928లో సూర్యాపేటలో వామన నాయకుగారి అధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగెను. ఆ యేటనే హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమముతో బాలికల ఉన్నత పాఠశాల వెలసెను. దానికి ప్రాణము హనుమంతరావుగారే. ఉర్దూ మాధ్యమము కాని పాఠశాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు గుర్తింపు దుర్లభమగుటచే, దానిని పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధింపజేసిరి. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ ప్రారంభమయ్యెను. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు వారధ్యక్షత వహించిరి.

కాలము మారుచుండెను. 1941లో కోదాడ ప్రాంతపు చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన మహాసభ నాటికి యువతరము వినతిపత్రములతో తృప్తిపడు స్థితిని దాటెను. జాగీర్దారుల, దేశముఖుల పెత్తనమును కూలద్రోయుటయే పరిష్కారమని వారి నమ్మిక. వారి దృష్టికి పంతులుగారి మార్గము మందకొడిగా తోచెను. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. చట్టము తెలిసినంత మాత్రమున దానిని అమలుపరచని ప్రభుత్వము మారదు. గస్తీ చదువుకొన్న వర్తకుడు సైతము ఒక్కొక్కచోట వెనుకటివలెనే సరుకు ఈయవలసివచ్చెను. వెట్టిచాకిరి వేళ్లు పెకలుటకు మరింత తీవ్రమైన పోరాటము, 1948 సెప్టెంబరులో నైజాము పాలనాంతము కావలసివచ్చెను. ఐనను, ప్రజలకు తమ హక్కు వ్రాతపూర్వకముగా నున్నదని మొదట తెలియజెప్పినవారి కృషి లేనిదే ఆ తీవ్రత పుట్టెడిది కాదు. ఆ ఉద్యమచరిత్రను వారు తెలంగాణాలో ఆంధ్రోద్యమము అను గ్రంథముగా వ్రాసి భద్రపరచిరి.

1950లో హైదరాబాదు కార్పొరేషనుల చట్టము వెలువడెను. 1951లో హనుమంతరావుగారు హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరైరి. 1954 వఱకు ఆ పదవి నలంకరించిరి. నాటికి వారి వయస్సు అరువదియారు సంవత్సరములు. సూర్యాపేటలో తహశీలుదారు చేతిలోని స్థానిక పరిపాలనను చూచి పెరిగిన బాలుడు, ఎన్నికైన ప్రతినిధుల సభకు అధ్యక్షుడై కూర్చుండెను. దినదిన కార్యనిర్వహణము కమీషనరు చేతిలో నున్నను, ఆ కార్యములను ప్రశ్నించు అధికారము సభకుండెను. తేడా అంతయు ఇచటనే యున్నది.

నగరపాలక సంస్థ కర్తవ్యములలో నీటి సరఫరా, మురుగుపారుదల, వీథిదీపములతోపాటు ఆహారవిక్రయ స్థలముల పర్యవేక్షణము ముఖ్యమైనది. హోటలు, మిఠాయి దుకాణము, పాలకేంద్రము, మాంసపు విపణి లైసెన్సు లేనిదే నడువరాదు. లైసెన్సు ఇచ్చుటకు ముందు నీరు ఎచటనుండి వచ్చుచున్నది, మురుగు ఎటు పోవుచున్నది, వంటయింటికి గాలి వెలుతురు కలవా యని చూడవలెను. ఇది వట్టి లాంఛనము కాదు. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ కలకత్తాలో పరిశోధించి, కలరాకు కారణమైన సూక్ష్మజీవిని గుర్తించి, అది నీటిద్వారా వ్యాపించు విధమును స్థిరపరచెను. 1907లో న్యూయార్కు ప్రాంతమున మేరీ మలన్ అను వంటకత్తె విషయము బయటపడెను. ఆమెకు జబ్బు లేదు, ఆరోగ్యవతి. కాని ఆమె శరీరములోని టైఫాయిడు క్రిములు ఆమె వండిన ఆహారము తిన్నవారిని పడకపాలు చేసెను. కంటికి శుభ్రముగా కనబడు చేయి సైతము రోగమును వడ్డింపగలదని లోకమునకు తెలిసెను. వంటవారికి వైద్యపరీక్ష అవసరమని నేటి నియమములు చెప్పుటకు మూలమిట్టి అనుభవములే.

కల్తీపై రాజశాసనము భారతదేశమున ప్రాచీనమైనది. ధాన్యము, నూనె, ఉప్పు, ఔషధములందు కల్తీ చేయువారికి కౌటిల్యుని అర్థశాస్త్రము జరిమానా విధించినది. ఆంగ్లేయుల కాలమున మద్రాసు రాజధానికి 1918లో కల్తీ నిరోధక చట్టము వచ్చెను. స్వాతంత్ర్యానంతరము దేశమంతటికిని ఒకే చట్టము కావలెనను ఉద్దేశముతో 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టము చేయబడి, 1955 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చెను. దానితో ఆహార తనిఖీదారునకు అంగడిలో ప్రవేశించి మచ్చు తీయు అధికారము లభించెను.

ఆ చట్టములో ఒక చిన్న నిబంధన కలదు. తనిఖీదారుడు మచ్చుగా తీసికొన్న వస్తువునకు, ప్రజలకు సాధారణముగా అమ్ము ధర ప్రకారము లెక్కగట్టి, వర్తకునికి వెల చెల్లించి తీరవలెను. చదువరులనేకులు ఈ వాక్యమును గమనింపకయే పోవుదురు. కాని దౌరా దినములనెఱిగినవానికి ఈ వాక్యపు విలువ తెలియును. పరీక్షకొఱకు తీసికొన్న పావుసేరు నూనెకైనను ప్రభుత్వము వెల ఇయ్యవలెను. ఈ నిబంధనకు హనుమంతరావుగారు కర్తలు కారు. ఇట్టి నియమము ఇతర దేశముల చట్టములలోను కలదు. ఐనను, 1920 దశాబ్దములో వారి సంఘము పంచిన చిన్నపుస్తకములోని న్యాయమే ఇందును పలుకుచున్నది. నాడు అధికారి అంగడికి వచ్చినది తన వంటకొఱకు. ఇప్పుడు రావలసినది అన్యుని విస్తరికొఱకు. నాడు వెల ఈయక తీసికొనెను. ఇప్పుడు వెల ఇచ్చి, రసీదు పుచ్చుకొని, మచ్చును సీలు వేసి తీసికొనవలెను.

మేయరు పదవి తరువాత 1955లో భారతప్రభుత్వము వారిని పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు వారు ప్రథమాధ్యక్షులై 1964 వఱకు ఆ పీఠమునుండిరి. 1970 నవంబరు 11వ తేదీన, ఎనుబదియైదేండ్లు నిండిన పిమ్మట, పరమపదించిరి.

వారి బాల్యభూమి నేడు గుర్తింపరానంతగా మారినది. సూర్యాపేట 2016 అక్టోబరు 11వ తేదీనుండి జిల్లాకేంద్రము. కోదాడ ఆ జిల్లాలోనిదే. ఎడ్లబండ్లు నడచిన బాట జాతీయ రహదారియై, హైదరాబాదు, విజయవాడల మధ్య రేయింబవళ్లు వాహనములతో నిండియుండును. దాని పొడవున హోటళ్లు వెలసినవి. నల్లగొండ జిల్లాలోని మిర్యాలగూడ, నాగార్జునసాగరపు ఎడమకాలువ నీటితో పండిన ధాన్యమును బియ్యముగా మార్చు మిల్లులకు ప్రసిద్ధి వహించినది. ఒకచోట ధాన్యము ఆహారమగుచున్నది. మరొకచోట ఆహారము బాటసారి విస్తరిలోనికి వచ్చుచున్నది. ఈ మూడు పట్టణములకును పురపాలక సంఘములు కలవు.

ఊరి మనుష్యుడు అన్నము బాగులేనిచో మరునాడు ఆ హోటలుకు పోడు; నలుగురికిని చెప్పును. రహదారిపై పోవు బాటసారి అట్లు చేయలేడు. ఒక్కపూట తిని వెడలిపోవును. కడుపునొప్పి వచ్చునప్పటికి నూరు మైళ్ల దూరమున నుండును. అతని తరఫున అడుగువాడు తనిఖీ అధికారియే. సూర్యాపేట, కోదాడలవంటి రహదారి పట్టణములలో తనిఖీ పట్టుగా జరుగవలసిన అవసరము ఇందువలననే అధికము.

చట్టమును మారినది. 1954 నాటి శాసనమునకు బదులు 2006లో ఆహారభద్రత, ప్రమాణముల చట్టము వచ్చెను. దాని లైసెన్సు నిబంధనలు 2011 ఆగస్టు 5నుండి అమలులో నున్నవి. చిన్న వ్యాపారికి నమోదు, పెద్దవానికి లైసెన్సు. ఆ పత్రమును పదునాలుగంకెల సంఖ్యతో అందరికిని కనబడునట్లు దుకాణములో వ్రేలాడదీయవలెను. ఇది కాక పురపాలక సంఘమునుండి వ్యాపారపు లైసెన్సు వేరుగా పొందవలెను. వేడిగా వడ్డించు పదార్థము 60 డిగ్రీల సెంటిగ్రేడునకు పైనను, చల్లగా నుంచునది 5 డిగ్రీలకు లోపలను ఉండవలెనని నియమము. ఆ నడిమి వేడిమిలోనే సూక్ష్మజీవులు శీఘ్రముగా పెరుగును గనుక. మాటిమాటికి కాచిన నూనెలో చెడు పదార్థములు నూటికి 25 పాళ్లు మించినచో దానిని మరల వాడరాదు. వంటవారికి ఏటేట వైద్యపరీక్ష జరుపవలెను.

ఇవి వర్తకుని కర్తవ్యములు. అధికారి కర్తవ్యములును చట్టములో స్పష్టముగా నున్నవి. మచ్చునకు అంగడిధర చెల్లింపవలెనను పూర్వపు నిబంధన క్రొత్త చట్టములోను నిలిచినది. మచ్చును నాలుగు భాగములు చేసి, ఒకటి పరీక్షకునికి పంపి, రెండింటిని పై అధికారి వద్ద భద్రపరుపవలెను; నాలుగవ భాగమును వర్తకుడు కోరినచో గుర్తింపుగల వేరొక ప్రయోగశాలకు పంపవలెను. పరీక్షకుడు పదునాలుగు దినములలో నివేదిక ఈయవలెను. లోపము కనబడినచో దిద్దుకొనుటకు మొదట నోటీసు ఇచ్చి, కనీసము పదునాలుగు దినముల గడువొసగవలెను. కక్షతోనో, తగిన కారణము లేకయో వ్యాపారిని వేధించిన అధికారికి లక్షరూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. నియమములు ఇరువైపుల వారికిని సమానముగా వ్రాయబడినవి.

ఐనను వ్రాతకు, నడతకు నడుమ ఎప్పటివలెనే దూరము కలదు. చట్టము చదువని దుకాణదారుడు, తనిఖీ యనగానే ఏదో ఇచ్చి పంపుటయే ఉపాయమనుకొనును. అట్లు ఇచ్చినవాడు దానిని తిరిగి పాతనూనెలోను, కడుగని పాత్రలోను రాబట్టుకొనును. తినువాడు అడుగుటకు సిగ్గుపడి ఊరకుండును. ఈ ముగ్గురి అజ్ఞానముమీదనే మునుపటి దౌరా పద్ధతి వేరొక వేషమున మరల తలయెత్తగలదు. దానికి విరుగుడు హనుమంతరావుగారు చూపినదే. చట్టమును ప్రజల భాషలోనికి తెచ్చి, ప్రజల చేతికి అందింపవలెను.

ఈ పనిలో ఉపాధ్యాయులకు గొప్ప అవకాశము కలదు. బడికి పోవు బాలుడు వీథిలోని మిఠాయి దుకాణమున లైసెన్సు పత్రము ఎచట నున్నదో చూడ నేర్చినచో, వడ్డించు చేయి కడుగబడినదో లేదో గమనించి వినయముతో అడుగ నేర్చినచో, అతడు పౌరనీతి పాఠమును పుస్తకము లేకయే నేర్చినవాడగును. దుకాణదారుని కుమారుడు తన తండ్రికి నోటీసులోని అక్షరములను చదివి వివరించినచో, ఆ యింటికి భయమును వీడును, అపరాధమును వీడును.

అధికారి భయముతో నడచు అంగడి శుభ్రముగా నుండజాలదు. అధికారమే లేని అంగడియు శుభ్రముగా నుండజాలదు. తెలిసిన నియమము, చెల్లించిన వెల, జవాబు చెప్పవలసిన అధికారి, ఈ మూడును కూడినచోటనే వర్తకుని గౌరవమును, తినువాని ఆరోగ్యమును నిలుచును. మాడపాటి హనుమంతరావు పంతులుగారు తమ సుదీర్ఘజీవితమున ఈ మూడింటికొఱకే ఓర్పుతో పాటుపడిరి. వారు పెరిగిన సూర్యాపేట వీథులలో ఈ న్యాయము ప్రతి అంగడివాకిటను స్థిరపడుటయే వారికి తగిన స్మారకచిహ్నము.